ఐసీయూకి కరెంటు ఆగకూడదంటే: జనరేటర్, యూపీఎస్, ఇన్వర్టర్, సోలార్‌లలో దేనికి ఏది?

జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో ముప్పై, యాభై పడకల ఆసుపత్రి కడుతున్నవాళ్లు కరెంటు బ్యాకప్ అనగానే “ఎన్ని కేవీఏ జనరేటర్ తీసుకోవాలి?” అని అడుగుతారు. డీలర్ దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమని నా మనవి. కరెంటు పోయాక ఏ పడక దగ్గర ఎన్ని సెకన్లు ఆగవచ్చో ముందు తేల్చుకోవాలి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికీ, జనరల్ వార్డులో సెలైన్ ఎక్కించుకుంటున్న మనిషికీ ఈ లెక్క వేరు. అది తేలితే జనరేటరా, యూపీఎస్సా అనే తర్జనభర్జన చాలావరకు పోతుంది. ఒకటి కొంటే రెండోది అక్కర్లేదనుకునే సామాన్లు కావవి. యూపీఎస్ సెకన్లను కాస్తుంది, జనరేటర్ గంటలను కాస్తుంది.

ముందు సెకన్ల లెక్క

ఐఈసీ 60364-7-710 అనే అంతర్జాతీయ ప్రమాణం ఆసుపత్రి గదులను మూడు గ్రూపులు చేసింది. రోగి ఒంటికి తగిలే విద్యుత్ పరికరమేదీ వాడని గదులు గ్రూప్ 0. పరికరాలు వాడినా, కరెంటు పోతే ప్రాణం మీదికి రాని గదులు గ్రూప్ 1. ఆపరేషన్ థియేటర్, ఐసీయూ లాంటివి గ్రూప్ 2. థియేటర్ టేబుల్ మీది లైటు అర సెకనులోపు తిరిగి వెలగాలనీ, ముఖ్యమైన మిగతా లోడ్‌కు 15 సెకన్లలోపు వేరే సరఫరా అందాలనీ ఆ ప్రమాణం చెబుతుంది. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 99 ఇంకాస్త గట్టిది, అక్కడ గడువు 10 సెకన్లే. మన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లోనూ ఆసుపత్రుల కోసం విడిగా ఒక భాగం ఉంది. మీ ఎలక్ట్రికల్ కన్సల్టెంట్ దాన్ని తెరిచి చూశారో లేదో మొహమాటం లేకుండా అడగండి.

ఇక పరికరాల సంగతి. ఐసీయూ వెంటిలేటర్లలో, సిరంజి పంపుల్లో, చాలా మానిటర్లలో సొంత బ్యాటరీ ఉంటుంది. వెంటిలేటర్ మోడల్‌ను బట్టి అరగంట నుంచి కొన్ని గంటల దాకా నడుస్తుంది. అయితే అది కొత్త బ్యాటరీ మాట. మూడేళ్లుగా ప్లగ్గులోనే ఉన్న వెంటిలేటర్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, రోగి మీద లేనప్పుడు ప్లగ్ తీసి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. కాబట్టి పరికరంలోని బ్యాటరీని ఆఖరి రక్షణగానే చూడాలి. దాన్ని నమ్ముకుని యూపీఎస్ మానేయకూడదు. ప్రతి వెంటిలేటర్ పక్కన అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) చేతికందేలా వేలాడుతూ ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు.

నవజాత శిశువుల వార్డులో లెక్క కాస్త మారుతుంది. రేడియంట్ వార్మర్‌లో హీటర్ ఉంటుంది, వందల వాట్లు లాగుతుంది. నాలుగు వార్మర్లను యూపీఎస్ మీద పెడితే బ్యాటరీలు చూస్తుండగానే అయిపోతాయి. పదిహేను సెకన్లలో బిడ్డ ఒళ్లు చల్లబడదు కాబట్టి వార్మర్లు, ఫోటోథెరపీ లైట్లు జనరేటర్ లైన్ మీద ఉంటే చాలు. సీప్యాప్ (బిడ్డ ఊపిరికి గాలి ఒత్తిడితో సాయం చేసే యంత్రం), వెంటిలేటర్, మానిటర్ మాత్రం యూపీఎస్ మీదే ఉండాలి. జనరేటర్ కూడా రాకపోతే బిడ్డను తల్లి గుండెకు ఆనించి పట్టుకునే కంగారూ పద్ధతి ఉంది, దానికి కరెంటు అక్కర్లేదు. రాత్రి డ్యూటీ సిస్టర్లందరికీ ఈ వరుస ముందే తెలిసి ఉండాలి.

డయాలసిస్ మెషీన్లు నీళ్లను వేడి చేస్తాయి కాబట్టి అవీ పెద్ద లోడే. కరెంటు పోతే రక్తం పంపు కొద్ది నిమిషాలు నడవడానికి చాలా మోడళ్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కూడా లేకపోతే పంపును చేత్తో తిప్పి రక్తాన్ని రోగి ఒంట్లోకి తిరిగి పంపాలి. కాబట్టి ఆటోమేటిక్‌గా స్టార్టయ్యే జనరేటర్ ఉన్నచోట డయాలసిస్‌కు పెద్ద యూపీఎస్ తప్పనిసరి కాదని నా అభిప్రాయం. ఆర్‌వో ప్లాంట్ మోటారును కూడా జనరేటర్ లైన్‌లో కలపడం మరిచిపోకూడదు. మెషీన్‌కు కరెంటు వచ్చి నీళ్లు రాకపోతే డయాలసిస్ సాగదు.

ఆక్సిజన్‌దీ ఇదే కథ. 2021లో కోవిడ్ రెండో వేవ్ తర్వాత చాలా ఆసుపత్రుల్లో పీఎస్ఏ ప్లాంట్లు వచ్చాయి. ఇవి గాలిలోంచి ఆక్సిజన్ తీస్తాయి, అందుకు పెద్ద కంప్రెసర్ నడవాలి. కరెంటు పోతే ఉత్పత్తి ఆగిపోతుంది. లిక్విడ్ ఆక్సిజన్ ట్యాంకుకు, సిలిండర్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లన్నిటినీ ఒకే గొట్టానికి కలిపే ఏర్పాటు) ఆ ఇబ్బంది లేదు, వాటిలోని ఒత్తిడే ఆక్సిజన్‌ను పడక దాకా తెస్తుంది. పీఎస్ఏ ప్లాంట్‌ను మోయడానికి జనరేటర్ సైజు పెంచేకంటే, నిండు సిలిండర్ల మానిఫోల్డ్‌ను దానంతటదే అందుకునేలా బిగించడం చిన్న ఆసుపత్రికి చౌక, నమ్మకం కూడా.

ఇన్వర్టర్, యూపీఎస్: తేడా ఎక్కడ

ఇళ్లలో వాడే ఇన్వర్టర్‌నే పెద్ద సైజులో తెచ్చి ఐసీయూకు పెట్టేస్తుంటారు. కరెంటు ఉన్నంతసేపు ఇన్వర్టర్ ఆ కరెంటునే పరికరానికి వదిలేస్తుంది, పోగానే బ్యాటరీకి మారుతుంది. ఆ మార్పుకు పది నుంచి ముప్పై మిల్లీసెకన్లు పట్టవచ్చు. ఫ్యానుకు, లైటుకు అది లెక్కలోకి రాదు. కొన్ని మానిటర్లు మాత్రం ఆ కాస్త గ్యాప్‌కే రీస్టార్ట్ అవుతాయి. పైగా లైన్‌లో వోల్టేజ్ పడిపోయినా, ఒక్కసారిగా పెరిగినా అదంతా నేరుగా పరికరానికి చేరుతుంది.

ఆన్‌లైన్ యూపీఎస్ పని వేరు. అది ఎప్పుడూ కరెంటును డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా తయారుచేసి ఇస్తుంది. బ్యాటరీ ఆ డీసీ దగ్గరే కలిసి ఉంటుంది కాబట్టి కరెంటు పోయిన సంగతి పరికరానికి తెలియదు, గ్యాప్ సున్నా. థియేటర్‌కు, ఐసీయూకు ఇదే కావాలి. ఈ విషయంలో రాజీ పడవద్దు. “ఇది కూడా సైన్ వేవ్ ఇన్వర్టరే సార్, సగం ధరకే వస్తుంది” అని ఎవరైనా అంటే, దాన్ని వార్డు లైట్లకు, ఫ్యాన్లకు, సిస్టర్ల కౌంటర్‌కు, కారిడార్‌కు తీసుకోండి. అక్కడ ఇన్వర్టర్ మంచి ఎంపిక. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్ల కరెంటు ఉంటుంది, చేతికి అంతకంటే తక్కువే వస్తుంది. ఎల్ఈడీ లైట్లు, కొన్ని ఫ్యాన్లు గంటల తరబడి నడవడానికి అది చాలు. సైన్ వేవ్ అంటే లైన్ కరెంటులాగే నునుపుగా వచ్చే తరంగం. అలా ఇవ్వని స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌ను మాత్రం వార్డుకు కూడా తేవద్దు, అక్కడ నెబ్యులైజర్, సక్షన్ మోటారు లాంటివి తగిలిస్తారు, వాటికి ఆ కరెంటు పడదు.

యూపీఎస్ సైజు కట్టేటప్పుడు పడక లెక్క వేయండి. ఒక ఐసీయూ పడక దగ్గర వెంటిలేటర్, మానిటర్, నాలుగు సిరంజి పంపులు, చిన్నాచితకా కలిపి 500 వాట్ల దగ్గర వస్తుంది. పది పడకలకు 5 కిలోవాట్లు, సెంట్రల్ మానిటర్, రక్తంలోని వాయువులను చూసే ఏబీజీ మెషీన్ లాంటివి కలిపితే 6. పది కేవీఏ యూపీఎస్ సరిపోతుంది. దానికి 12 వోల్టుల 42 ఏహెచ్ బ్యాటరీలు పదహారు పెడితే, కొత్తలో ఈ లోడ్‌కు అరగంట దాటి ఇస్తాయి. అరగంట ఎందుకంటే, జనరేటర్ మొరాయిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి స్టార్ట్ చేయడానికో, రోగులను మార్చడానికో ఆ మాత్రం వ్యవధి కావాలి. ఐదు నిమిషాల బ్యాకప్ చాలనేవాళ్లు జనరేటర్ ప్రతిసారీ మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుందని నమ్ముతున్నారన్నమాట.

ఒకే పెద్ద యూపీఎస్ కొనాలా, రెండు చిన్నవా? నేనైతే రెండు తీసుకోమంటాను. ప్రతి పడక దగ్గరా రెండు వరుసల సాకెట్లు పెట్టి, ఒక వరుస మొదటి యూపీఎస్ నుంచి, రెండోది రెండో యూపీఎస్ నుంచి తీయండి. వెంటిలేటర్ ఒకదానికి, మానిటర్, పంపులు ఇంకోదానికి తగిలిస్తే, ఏదో ఒక యూపీఎస్ పాడైనా పడక మొత్తం ఒకేసారి ఆగిపోదు, ప్లగ్ మార్చుకోవడానికి సిస్టర్‌కు సమయం దొరుకుతుంది. సింగిల్ యూపీఎస్ పెట్టక తప్పకపోతే బయట మెయింటెనెన్స్ బైపాస్ స్విచ్ (యూపీఎస్‌ను తప్పించి లైన్ కరెంటును నేరుగా పంపే స్విచ్) ఉండి తీరాలి. లేకపోతే ఏదైనా రిపేరు వచ్చిన రోజు ఐసీయూను ఆపి యూపీఎస్‌ను విప్పాల్సి వస్తుంది. థియేటర్‌కు ఎలాగూ విడి యూపీఎస్ ఉండాలి. ఎక్స్‌రే మెషీన్, ఏసీ, వాటర్ హీటర్, మూలన పెట్టిన ఫ్రిజ్, సిబ్బంది కెటిల్, ఇవేవీ యూపీఎస్ సాకెట్లలోకి రాకూడదు. అందుకే ఆ సాకెట్లను ఎర్ర రంగులో పెడతారు, ఆ రంగు అర్థం స్వీపర్‌తో సహా అందరికీ చెప్పాలి.

బ్యాటరీల ఎంపికలో మన వాతావరణమే అసలు తీర్పరి. యూపీఎస్‌లలో వాడే ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్) బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. దాని మీద ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో మెట్ల కింద మూసిన గదిలో పెట్టిన బ్యాటరీలు, ఐదేళ్లు వస్తాయన్నవి, రెండేళ్లకే చేతులెత్తేస్తే ఆశ్చర్యం లేదు. ఆ గదికి ఏసీ పెట్టి, ఆ ఏసీని జనరేటర్ లైన్‌లో కలపండి. లిథియం బ్యాటరీలు ఎక్కువ కాలం వస్తాయి, చోటు తక్కువ తీసుకుంటాయి, మొదటి ఖర్చు ఎక్కువ. పదేళ్ల ఖర్చు లెక్క వేసుకోగలిగినవాళ్లు వాటిని చూడవచ్చు. ట్యూబులర్ బ్యాటరీలు ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి, గాలి ఆడే గది కావాలి. ఏ రకమైనా సరే, రోగులున్న గదిలో మాత్రం పెట్టవద్దు.

థియేటర్, ఐసీయూ సాకెట్లకు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సాకెట్ల కరెంటును మెయిన్ లైన్ నుంచి, ఎర్త్ నుంచి విడదీసేది), దానితో లీకేజీని కనిపెట్టే ఇన్సులేషన్ మానిటర్ పెట్టడం ఐఈసీ ప్రమాణంలో ఉంది. ఒక పరికరంలో మొదటిసారి లీకేజీ వస్తే అది ట్రిప్ కాదు, అలారం మోగిస్తుంది, ఆపరేషన్ సాగుతూనే ఉంటుంది. కొత్తగా కడుతున్నవాళ్లు దీన్ని మొదట్లోనే పెట్టించుకోవాలి, గోడలు పూర్తయ్యాక పెట్టడం చాలా కష్టం. కనీసం ప్రతి పడకకూ విడి ఎంసీబీ ఉండాలి, పక్క పడక పంపు షార్ట్ అయితే ఈ పడక వెంటిలేటర్ ఆగకూడదు.

జనరేటర్: ఒకటి పెద్దదా, రెండు చిన్నవా

కరెంటు పోయినట్టు గుర్తించి, ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, వోల్టేజ్ నిలదొక్కుకున్నాక లోడ్‌ను మార్చే పని ఏఎంఎఫ్ ప్యానెల్‌ది. ఇదంతా పది, పదిహేను సెకన్లలో అయిపోతుంది. వాచ్‌మన్ వెళ్లి ఛేంజోవర్ తిప్పే పద్ధతి ఐసీయూ ఉన్న ఆసుపత్రికి పనికిరాదు. అర్ధరాత్రి ఆయన గేటు దగ్గర ఉంటాడు, వర్షం పడుతుంటుంది, తాళం ఇంకెవరి దగ్గరో ఉంటుంది.

సైజు దగ్గర సాధారణంగా “కాస్త పెద్దది తీసుకుంటే మంచిది” అంటారు. డీజిల్ ఇంజిన్‌కు అది మంచిది కాదు. సామర్థ్యంలో 30 శాతం కంటే తక్కువ లోడ్‌తో ఎక్కువసేపు నడిస్తే ఇంధనం పూర్తిగా కాలక సైలెన్సర్‌లో, ఇంజిన్‌లో మసి, జిడ్డు పేరుకుంటాయి. 125 కేవీఏ సెట్ అంటే 100 కిలోవాట్లు. రాత్రిపూట మీ ఆసుపత్రి లోడ్ 20 కిలోవాట్లే అయితే అది 20 శాతమే నడుస్తున్నట్టు. అదే డబ్బుతో, లేదా కాస్త ఎక్కువతో, 62.5 కేవీఏ సెట్లు రెండు తీసుకుంటే రాత్రి ఒకటే 40 శాతం లోడ్‌తో హాయిగా నడుస్తుంది. పగలు మొదటిది ఐసీయూ, థియేటర్, లేబర్ రూమ్, ఆక్సిజన్, నీళ్ల మోటారును చూసుకుంటుంది. రెండోది ఏసీలు, లిఫ్టు, ఎక్స్‌రేను చూసుకుంటుంది. మొదటిది స్టార్ట్ కాకపోతే రెండోది ఏసీలను వదిలేసి ఐసీయూను అందుకునేలా ప్యానెల్ కట్టించాలి. ఒక సెట్ సర్వీసుకు విప్పినా ఆసుపత్రికి రెండోది ఉంటుంది. పెద్ద సెట్ ఒక్కటే ఉంటే ఈ వెసులుబాటు ఎంత డబ్బు పెట్టినా రాదు. అందుకే ఐసీయూ నడిపే ఏ ఆసుపత్రికైనా నా ఓటు రెండింటికే.

జనరేటర్ అవసరానికి స్టార్ట్ కాకపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం సెల్ఫ్ బ్యాటరీ. లక్షల ఖరీదు చేసే సెట్ ఆ ఒక్క బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది. దానికి కరెంటు మీద ఎప్పుడూ నడిచే ఛార్జర్ ఉందా, బ్యాటరీ మీద తేదీ రాసి ఉందా అని చూడండి, మూడేళ్లు దాటనివ్వకుండా మార్చేయండి. యూపీఎస్‌లు జనరేటర్‌తో కుదురుకోవడమూ ముఖ్యమే. యూపీఎస్‌లో ఏసీని డీసీగా మార్చే భాగం రెక్టిఫయర్. పాతకాలపు థైరిస్టర్ రెక్టిఫయర్ ఉన్న యూపీఎస్‌లు జనరేటర్ వోల్టేజ్ ఆకారాన్ని పాడుచేస్తాయి. అప్పుడు యూపీఎస్ జనరేటర్‌ను ఒప్పుకోక బ్యాటరీ మీదే నడుస్తూ పోతుంది. కొత్తరకం ఐజీబీటీ రెక్టిఫయర్ ఉన్నది కొంటే ఆ టెన్షన్ తగ్గుతుంది.

2023 జులై నుంచి వచ్చిన సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 4 ప్లస్ ఉద్గార నిబంధనల వల్ల కొత్త సెట్లు ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో వస్తున్నాయి. పెద్ద సెట్లలో కొన్నిటికి డీజిల్‌తో పాటు పొగలోని కాలుష్యాన్ని తగ్గించే డీఈఎఫ్ ద్రావణం కూడా పోయాలి. అది అయిపోతే ఇంజిన్ ఏం చేస్తుంది, శక్తి తగ్గిస్తుందా, ఆగిపోతుందా అని కొనేముందే రాతపూర్వకంగా అడగండి. ఊళ్లో వాటిని విప్పగల మెకానిక్ ఉన్నాడా, కంపెనీ మనిషి ఎంత దూరం నుంచి రావాలి అన్నదాన్ని బట్టే బ్రాండ్‌ను ఎంచుకోండి. మీ ఆసుపత్రి నరసరావుపేటలో ఉంటే, అక్కడే సర్వీసు ఉన్న సెట్, గుంటూరు నుంచి రావాల్సిన పేరున్న సెట్ కంటే మీకు మేలు.

డీజిల్ నిల్వ. లీటరుకు సుమారు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. సగటున 25 కిలోవాట్ల లోడ్‌కు గంటకు ఎనిమిది లీటర్లు, రోజుకు 200 లీటర్లు. చట్టం ప్రకారం మొత్తం 2500 లీటర్లు మించకుండా, ఒక్కో పాత్రలో 1000 లీటర్లు మించకుండా ఉంటే డీజిల్ నిల్వకు పెట్రోలియం లైసెన్సు అక్కర్లేదు. లోపలి జిల్లాలకు ఒక రోజు నిల్వ సరిపోవచ్చు. తీరంలో ఉన్నవాళ్లు మూడు రోజులకు తగ్గవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు. 2018లో తిత్లీ తర్వాత శ్రీకాకుళం పల్లెలదీ అదే పరిస్థితి. అలాంటప్పుడు రోడ్ల మీద చెట్లు పడి ఉంటాయి, ట్యాంకర్ రాదు.

సోలార్, రెండో ఫీడర్

ఆసుపత్రి మేడ మీద సోలార్ ప్యానెళ్లు ఉంటే కరెంటు పోయినా పరవాలేదని చాలామంది అనుకుంటున్నారు. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేశారు. కాబట్టి అది బిల్లు తగ్గించే ఏర్పాటే, బ్యాకప్ కాదు. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే బ్యాకప్ వస్తుంది. వెంటిలేటర్లు లేని పీహెచ్‌సీకి ఇది చాలా మంచి ఎంపిక. ఛత్తీస్‌గఢ్‌లో క్రెడా అనే రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ వందల పీహెచ్‌సీలకు బ్యాటరీతో సోలార్ పెట్టింది. కాన్పు గదిలో లైటు, వార్మర్, వ్యాక్సిన్ ఫ్రిజ్ డీజిల్ కోసం ఎదురుచూడకుండా నడవడం పల్లెకు పెద్ద అండ. పెద్ద ఆసుపత్రికి సోలార్ డీజిల్ ఖర్చు తగ్గిస్తుంది కానీ జనరేటర్ స్థానంలోకి రాలేదు.

డిస్కం నుంచి రెండో 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే సరఫరా లైన్) తీసుకోవడం మరో దారి. రెండూ ఒకే సబ్‌స్టేషన్ నుంచి వస్తే, ఆ సబ్‌స్టేషన్ ఆగినప్పుడు రెండూ పోతాయి. వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి, వేర్వేరు దారుల్లో వస్తేనే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది. తుఫానుకు రెండూ పడిపోతాయి కాబట్టి అప్పుడు కూడా జనరేటర్ తప్పదు.

ఎక్కడ పెట్టాలి

ఈ ఒక్క విషయంలో తప్పు చేస్తే పైన చెప్పుకున్నవన్నీ వృథా. 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగా ఉన్నాయి. వాటికి ఇంధనం ఎక్కించే పంపులు మాత్రం బేస్‌మెంట్‌లో ఉండి మునిగిపోయాయి. సిబ్బంది, నేషనల్ గార్డ్ సైనికులు డీజిల్‌ను చేతులమీదుగా మెట్లెక్కించారు, చివరికి రోగులను తరలించాల్సి వచ్చింది. మన దగ్గర 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల పాటు నీళ్లు నిలిచాయి, అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు పొంగింది. ఆ ప్రాంతాల్లో గ్రౌండ్ ఫ్లోర్ మట్టానికి పెట్టిన ప్యానెల్ ఏం కావాలి? జనరేటర్, ఎల్‌టీ ప్యానెల్ (భవనానికి కరెంటు పంచే మెయిన్ ప్యానెల్), ఛేంజోవర్, డీజిల్ పంపు, యూపీఎస్, అన్నీ మీ వీధిలో పెద్దవాళ్లు చెప్పే అత్యధిక వరద మట్టానికి పైన ఉండాలి. పార్కింగ్ కోసం సెల్లార్ తవ్వి అందులోనే ప్యానెల్ గది పెట్టే ప్లాన్ మీద సంతకం చేయకండి.

మరి ఏ ఆసుపత్రికి ఏది?

ఐసీయూ లేని పది పడకల ప్రసూతి ఆసుపత్రికి: థియేటర్‌కు 3 నుంచి 5 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్, ఏఎంఎఫ్ ఉన్న ఒక జనరేటర్, వార్డులకు సైన్ వేవ్ ఇన్వర్టర్. ఆ ఒక్క జనరేటర్ చెడిపోయిన రోజు అద్దె జనరేటర్ తెచ్చి కలపడానికి ప్యానెల్‌లో ఒక విడి పాయింట్ ముందే పెట్టించుకోండి.

ఐసీయూ ఉన్న ముప్పై, యాభై పడకలకు: ఐసీయూకు రెండు యూపీఎస్‌లు, థియేటర్‌కు ఒకటి, జనరేటర్లు రెండు. డబ్బు చాలకపోతే రెండో జనరేటర్‌ను చిన్నదిగా, ఐసీయూ, థియేటర్‌కు మాత్రమే సరిపోయేలా తీసుకోండి. ఏసీ ఆగితే ఉక్కపోస్తుంది, అంతే. యూపీఎస్ బ్యాటరీలలో మాత్రం కోత పెట్టవద్దు.

విడి డయాలసిస్ సెంటర్‌కు: ఏఎంఎఫ్ జనరేటర్, మెషీన్ల బ్యాటరీల క్రమం తప్పని తనిఖీ, లైట్లకు ఇన్వర్టర్. చేత్తో పంపు తిప్పడం ప్రతి టెక్నీషియన్‌కూ వచ్చి ఉండాలి.

ఏది కొన్నా ఆఖరి బిల్లు చెల్లించేముందు ఒక పరీక్ష పెట్టండి. రోగులెవరూ లేని సమయంలో, అసలు పరికరాలన్నీ ఆన్ చేసి, మెయిన్ బ్రేకర్‌ను దించేయండి. స్టాప్‌వాచ్ పెట్టి లెక్కించండి. తర్వాత జనరేటర్‌ను కూడా ఆపి, యూపీఎస్ చెప్పిన అరగంట ఇస్తుందో లేదో చూడండి. ఆ అంకెలను డీలర్ సంతకంతో రాయించుకోండి. ఆపైన నెలకోసారి జనరేటర్‌ను కనీసం అరగంట, 30 శాతానికి తగ్గని లోడ్‌తో నడపాలి. లోడ్ లేకుండా ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తే అది పరీక్ష కాదు, మసి పట్టించడమే. ఆ నెలవారీ పరీక్ష తేదీ, స్టార్ట్ అవడానికి పట్టిన సెకన్లు, సెల్ఫ్ బ్యాటరీ వోల్టేజ్ రాసే రిజిస్టర్‌ను జనరేటర్ గదిలో కాకుండా మెడికల్ సూపరింటెండెంట్ టేబుల్ మీద ఉంచండి.